నల్లమల అంచున యుద్ధం: ప్రభుత్వ వ్యూహం, దానికి ఎదురైన ప్రశ్నలు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పడమటి కొసన పత్తి, మిర్చి చేలు ముగిసే చోట నల్లమల అడవి మొదలవుతుంది. 1990ల నుంచి 2006 వరకు ఆ అంచున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య సాయుధ ఘర్షణ సాగింది. ప్రత్యేక దళాలు, నిషేధం, ఇన్‌ఫార్మర్ల వ్యవస్థ, లొంగుబాట్లు, ఎన్‌కౌంటర్లు ప్రభుత్వ వ్యూహంలో ప్రధాన భాగాలు. మధ్యలో 2004లో కొద్ది నెలలు తుపాకులు ఆగాయి, చర్చలు జరిగాయి, మళ్లీ తుపాకులే మాట్లాడాయి. 2006 చివరికల్లా ఈ ప్రాంతంలో పోలీసులదే పైచేయి అయింది. ఈ వ్యూహం చట్టానికి లోబడి ఉందా, అనుకున్న ఫలితం ఇచ్చిందా, ఘర్షణకు మూలమైన సమస్యను తాకిందా అనే మూడు ప్రశ్నలను ఆ కాలమంతా పౌరహక్కుల సంఘాలు, విశ్రాంత అధికారులు, సంపాదకులు, న్యాయవాదులు అడుగుతూ వచ్చారు. రాజకీయ పార్టీలు మాత్రం ప్రతిపక్షంలో ఉన్నప్పుడే అడిగాయి. పోలీసుల విజయం ఈ మూడింటిలో రెండోదానికి సగం జవాబే చెప్పింది. మిగిలిన రెండూ ఇంకా జవాబు కోసం నిలిచే ఉన్నాయి.

ఈ ప్రాంతపు నేల స్వభావం తెలియకపోతే ఘర్షణ ఇక్కడికెందుకు వచ్చిందో అర్థం కాదు. గుంటూరు జిల్లా అనగానే కృష్ణా డెల్టా మాగాణి గుర్తుకొస్తుంది గానీ, మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు పల్నాడు వేరు. నాగార్జునసాగర్ కుడికాలువ కొన్ని గ్రామాలకు నీరిచ్చింది, మెట్ట గ్రామాలను వానకే వదిలేసింది. ప్రకాశం జిల్లాలో యర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల, అర్ధవీడు మండలాల పరిస్థితి ఇంకా కష్టం. తాగునీటిలో ఫ్లోరైడ్, సేద్యానికి బోరు, ఆ బోరులో నీళ్లు పడతాయో లేదో తెలియని బతుకు. నల్లరేగడిలో పత్తి వచ్చాక పెట్టుబడి పెరిగింది, పురుగుమందుల దుకాణంలో ఖాతా పెరిగింది. 1987-88 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ రెండు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. ఇక్కడ సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులు. పంట పోతే పరిహారం పట్టా ఉన్నవాడికి, అప్పు మాత్రం సేద్యం చేసినవాడికి. అడవి లోపల చెంచు గూడేలది మరో కథ. పులుల అభయారణ్యం ఏర్పడిన తర్వాత చెంచులకు అటవీశాఖతో తగవు నిత్యకృత్యమైంది.

ఈ నేలకు నక్సలైట్ చరిత్రతో పాత సంబంధమే ఉంది. పల్నాడులోని గుత్తికొండ బిలం దగ్గర 1960ల చివర్లో చారుమజుందార్ ఆంధ్ర కార్యకర్తలతో రహస్యంగా సమావేశమయ్యాడు. శ్రీకాకుళం పోరాటం అణగిన తర్వాత ఉద్యమ కేంద్రం ఉత్తర తెలంగాణకు మారింది. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. తీరం వైపు కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. ఆ కేసులో ప్రధాన నిందితుడైన దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో పీపుల్స్‌వార్ దళం హతమార్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు బలయ్యారు. న్యాయస్థానాల్లో కేసులు ఏళ్ల తరబడి నడుస్తుంటే, తుపాకీతోనే న్యాయం జరుగుతుందనే భావన కొందరు యువకుల్లో బలపడింది. పల్నాడు పల్లెల్లో దళాలు బంజరు భూముల ఆక్రమణ, కూలి రేట్లు, అటవీ సిబ్బంది వేధింపులు, సారా వంటి విషయాలు పట్టుకుని వేళ్లూనుకున్నాయి. గ్రామ పెద్దలనూ, ఇన్‌ఫార్మర్లని ముద్రవేసిన సామాన్యులనూ చంపిన చరిత్ర కూడా ఆ దళాలదే. ప్రజాకోర్టు పేరిట శిక్ష పడినవాడికి అప్పీలు లేదు. తమ హింసను ప్రతిహింసగా మాత్రమే చెప్పుకున్న పార్టీ ఈ హత్యలకు ఎన్నడూ నమ్మదగిన సమాధానం ఇవ్వలేదు.

ప్రభుత్వ వ్యూహం ఒక్కరోజులో తయారు కాలేదు. ఎన్టీ రామారావు 1983 ఎన్నికల ముందు నక్సలైట్లను దేశభక్తులన్నారు. 1985 తర్వాత ఆయన ప్రభుత్వమే ‘ఆట, మాట, పాట బంద్’ అనే పేరుతో జనం నోట నిలిచిన అణచివేతకు దిగింది. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. అంతకుముందు పోలీసులు పెద్ద బలగంగా, వాహనాల్లో, పగటిపూట కదిలేవారు, మందుపాతరలకు చిక్కేవారు. గ్రేహౌండ్స్ చిన్న జట్లుగా, కాలినడకన, రోజుల తరబడి అడవిలోనే ఉంటూ దళాల పద్ధతిలోనే దళాలను వెతికింది. దానికి ప్రత్యేక నిఘా విభాగం తోడైంది. లొంగిపోయినవారి నుంచి, డబ్బు తీసుకున్నవారి నుంచి, పార్టీలోకి పంపిన కోవర్టుల నుంచి సమాచారం రాబట్టడం ఆ విభాగం పని. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపినా ఆయన నిర్మించిన పద్ధతి చెక్కుచెదరలేదు. 1992 మేలో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం రాష్ట్ర ప్రజాభద్రతా చట్టం కింద పీపుల్స్‌వార్‌నూ దాని అనుబంధ సంఘాలనూ నిషేధించింది. 1995లో నిషేధం సడలింది, 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం మళ్లీ విధించింది. అప్పటి నుంచి ఏడాదికోసారి పొడిగించడం ఆనవాయితీ అయింది.

ఇక్కడ పార్టీల ప్రవర్తనను కొంచెం నిలబడి చూడాలి. 1989లో తెలుగుదేశం ఓడింది, చెన్నారెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం పట్టు సడలించింది, కొన్ని నెలల పాటు బహిరంగ సభలు సాగాయి. మూడేళ్లు గడవకుండానే అదే పార్టీ ప్రభుత్వం నిషేధం తెచ్చింది. 1994లో తెలుగుదేశం పట్టు సడలిస్తానంది, రెండేళ్లకు బిగించింది. 2004లో కాంగ్రెస్ చర్చలు జరుపుతానని ఓటు అడిగింది, 2005లో నిషేధించింది. అధికారంలో ఎవరున్నా పోలీసు వ్యూహం ఒకటే. అది ఎన్నికల కాలంలో మాత్రం పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అందువల్ల శాసనసభలో ఈ వ్యూహం మీద నిలకడైన విమర్శ పుట్టలేదు. ఆ లోటును సభ బయటి వాళ్లు పూడ్చారు. యుద్ధ విధానం మీద చట్టసభలో జరగాల్సిన చర్చను పది పదిహేను మంది న్యాయవాదులు, అధ్యాపకులు, విలేకరులు తమ సొంత ఖర్చుతో మోయాల్సి రావడం రాష్ట్ర రాజకీయాలకు గౌరవం కాదు.

మొదటి సందేహం చట్టానికి సంబంధించినది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ పోలీసు ప్రకటన దాదాపు ఒకే తీరున ఉండేది: గాలింపు జరుపుతుండగా ఎదురుకాల్పులు, ఆత్మరక్షణ కోసం తిరిగి కాల్పులు, మృతదేహం పక్కన తుపాకి. కేసు చనిపోయినవారి మీద హత్యాయత్నం కింద నమోదయ్యేది. నిందితుడు మరణించాడు గనుక మూసేసేవారు. చంపిన చేతిదే సాక్ష్యం, దాని సంస్థదే దర్యాప్తు. 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా మొదలైన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఈ పద్ధతిని తొలి నుంచీ ప్రశ్నించింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థుల మరణం మీద జయప్రకాశ్ నారాయణ్ నియమించిన తార్కుండే కమిటీ విచారణ జరిపి, వాళ్లను పట్టుకుని చంపారని తేల్చింది. ఆ ఒత్తిడితో 1977లో ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగ విచారణలో సాక్ష్యాలు బయటికొస్తున్న కొద్దీ ప్రభుత్వం విచారణను గుట్టుగా జరపాలని పట్టుబట్టింది. చివరకు కమిషన్ పని పూర్తికాకుండానే ఆగింది. రాష్ట్రంలో ఎన్‌కౌంటర్ల మీద జవాబుదారీతనం కోసం జరిగిన తొలి పెద్ద ప్రయత్నం అలా సగంలో నిలిచింది. తర్వాతి మూడు దశాబ్దాల అపనమ్మకానికి బీజం అక్కడే పడింది.

కన్నబిరాన్, బాలగోపాల్‌ల పేర్లు ఈ పోరాటంతో విడదీయరానివి. కన్నబిరాన్ 1978 నుంచి 1994 వరకు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు, బాలగోపాల్ 1980ల ఆరంభం నుంచి పదిహేనేళ్ల దాకా ప్రధాన కార్యదర్శి. ఘటన జరిగిన ఊరికి వెళ్లడం, చనిపోయినవారి కుటుంబాన్నీ చుట్టుపక్కల వాళ్లనూ అడగడం, గాయాల తీరునూ చోటునూ పోలీసు కథనంతో పోల్చడం, నివేదిక రాసి పత్రికలకూ కోర్టుకూ ఇవ్వడం వారి పని విధానం. దీనికి మూల్యం చెల్లించిన వారున్నారు. సంఘం నాయకుడు, వరంగల్‌లో పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథాన్ని 1985లో కాల్చి చంపారు. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ హత్యకు గురయ్యారు. ‘గ్రీన్ టైగర్స్’ వంటి పేర్లతో ముఠాలు ఆ హత్యలు తమవేనని ప్రకటించుకున్నాయి. ఆ తర్వాత ‘నల్లమల కోబ్రాస్’ పేరు వినిపించింది. ఈ ముఠాల వెనుక పోలీసులున్నారని హక్కుల సంఘాలు ఆరోపించాయి, పోలీసులు కాదన్నారు. కానీ వీటి వెనుక ఎవరున్నారో తేల్చడంలో ప్రభుత్వం చూపిన నిరాసక్తతే ఆరోపణకు బలమిచ్చింది. యూనిఫాం వేసుకున్నవాడు తప్పు చేస్తే నిలదీయడానికి చట్టం ఉంది. పేరు లేని ముఠా చంపితే నిలదీయడానికి ఎవరూ ఉండరు.

న్యాయవ్యవస్థలో ఈ ప్రశ్నకు నెమ్మదిగా చోటు దొరికింది. పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవహక్కుల కమిషన్ 1996 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల పద్ధతిని తప్పుబట్టింది. 1997 మార్చిలో అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, కాల్చిన పోలీసు స్టేషన్‌కు చెందని స్వతంత్ర సంస్థతో దర్యాప్తు చేయించాలన్నారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద కేసు నమోదు చేసి తీరాలనీ, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవాల్సిన విషయమే తప్ప దర్యాప్తు అధికారి ముందే తేల్చేది కాదనీ చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. 2014 సెప్టెంబరులో మహారాష్ట్ర ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. స్వతంత్ర దర్యాప్తు, తప్పనిసరి మేజిస్ట్రేట్ విచారణ, సాహసం నిస్సందేహంగా రుజువయ్యేదాకా వరుస తప్పిన పదోన్నతులు, సాహస పతకాలు ఆపడం వాటిలో ఉన్నాయి. నల్లమలలో పోరు ముగిసిన ఎనిమిదేళ్లకు ఈ నియమాలు వచ్చాయి. అక్కడ చనిపోయిన వారికి అవి వర్తించలేదు.

రెండో రకం వ్యతిరేకత మరో దిక్కు నుంచి వచ్చింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ 1997లో కొందరు మిత్రులతో కలిసి పౌర స్పందన వేదికను ఏర్పరిచారు. శంకరన్‌కు నక్సలైట్ల మీద భ్రమలుండే అవకాశం తక్కువ: 1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు దగ్గర ఆయనతో సహా ఏడుగురు ఐఏఎస్ అధికారులను వాళ్లే అపహరించారు. వేదికలో కన్నబిరాన్, అధ్యాపకులు హరగోపాల్, జయశంకర్ వంటి వారితో పాటు గుంటూరు జిల్లా పొత్తూరుకు చెందిన సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. పౌరహక్కుల సంఘం ప్రధానంగా రాజ్యాన్ని ప్రశ్నించగా, వేదిక రెండు పక్షాలనూ ప్రశ్నించింది. ఘర్షణ జరిగే జిల్లాల్లో తిరిగి, రెండు వైపులా తుపాకీ మధ్య నలిగే గ్రామస్థుల మాటలు విని, ముఖ్యమంత్రికీ పార్టీ నాయకత్వానికీ విడివిడిగా లేఖలు రాసింది. ఎన్‌కౌంటర్లు చట్టబద్ధ పాలనను తినేస్తున్నాయని ప్రభుత్వంతో, ఇన్‌ఫార్మర్ల పేరుతో చంపడం, మందుపాతరలు పేల్చడం ప్రజాజీవితాన్ని ధ్వంసం చేస్తున్నాయని పార్టీతో చెప్పింది. ఎవరి హింస ముందు అనే వాదనలో చిక్కుకోకుండా, గ్రామంలో మనిషికి ఊపిరాడే జాగా దొరకాలన్నదే ముందు మాట అంది. ఈ వ్యవహారం మొత్తంలో అత్యంత స్పష్టమైన ఆలోచన ఈ వేదికదేనని చెప్పాలి. బాలగోపాల్ కూడా ఇదే కాలంలో మావోయిస్టు హింసను బాహాటంగా విమర్శించి, పౌరహక్కుల సంఘం నుంచి వేరుపడి, 1998లో సహచరులతో కలిసి మానవహక్కుల వేదికను స్థాపించారు. ప్రభుత్వ వ్యూహాన్ని ఎదిరించిన వారంతా నక్సలైట్ల తరఫువారనే ప్రచారానికి ఈ ఉదాహరణలు చాలినంత జవాబు.

2002లో తొలి చర్చల ప్రయత్నం జరిగింది. పీపుల్స్‌వార్ తరఫున వరవరరావు, గద్దర్ ప్రతినిధులుగా మంత్రులతో మాట్లాడారు. మాటలు సాగుతుండగానే ఎన్‌కౌంటర్లు జరగడంతో జూలైలో అది విఫలమైంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర మందుపాతర పేలుడు నుంచి చంద్రబాబునాయుడు ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాతి ఎన్నికల్లో ఆయన ప్రభుత్వం పోయింది. ఓటమికి కారణం నక్సలైట్ సమస్య ఒక్కటే కాదు. కరువు, పత్తి రైతుల ఆత్మహత్యలు, విద్యుత్ చార్జీలు అంతకన్నా బలమైనవి. 2004 మే 14న ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయ సంక్షోభం మీద జయతీ ఘోష్ అధ్యక్షతన కమిషన్ వేశారు, నక్సలైట్లతో కాల్పుల విరమణకు దిగారు. ఒకే ఏడాదిలో ప్రభుత్వం రైతు ఎందుకు చనిపోతున్నాడనీ, యువకుడు ఎందుకు అడవికి వెళ్తున్నాడనీ రెండు ప్రశ్నలు వేసుకుంది. ఆ రెండింటి సమాధానం చాలావరకు ఒకే నేలలో ఉంది.

జూన్‌లో కాల్పుల విరమణ మొదలైంది, జూలైలో నిషేధం గడువు ముగిసినా పొడిగించలేదు. వరవరరావు, గద్దర్‌లతో పాటు ప్రకాశం జిల్లాకు చెందిన రచయిత జి. కల్యాణరావు పార్టీ ప్రతినిధులుగా మధ్యవర్తిత్వం నడిపారు. అక్టోబరు 11న ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర అడవి నుంచి పార్టీ నాయకులు రామకృష్ణ, సుధాకర్, మరికొందరు బయటికి వచ్చారు. అక్కడి నుంచి గుత్తికొండ బిలం చేరి అమరుల స్తూపం దగ్గర జనంతో మాట్లాడి హైదరాబాద్ వెళ్లారు. ఆ దారిపొడవునా పల్లెల జనం అర్జీలతో నిలబడ్డారు. భూమి తగాదాలు, పింఛన్లు, అటవీ కేసులు, కూలి బకాయిలు ఆ అర్జీల్లో ఉన్నాయి. తహసీల్దారు దగ్గర తీరని పని దళనాయకుడి దగ్గర తీరుతుందని జనం నమ్మారంటే, అది పార్టీకి దొరికిన ప్రజాదరణకు కొలత అయినంతగా రెవెన్యూ వ్యవస్థ వైఫల్యానికి కూడా కొలతే. రామకృష్ణ అసలు పేరు అక్కిరాజు హరగోపాల్, పల్నాడులోని తుమృకోట ఆయన ఊరు. చర్చలకు ఒకరోజు ముందు, అక్టోబరు 14న, పీపుల్స్‌వార్, మావోయిస్టు కమ్యూనిస్టు కేంద్రం విలీనమై సీపీఐ మావోయిస్టు పార్టీగా ఏర్పడిన సంగతి ప్రకటించారు. 15 నుంచి 18 వరకు మంజీరా అతిథి గృహంలో హోంమంత్రి కె. జానారెడ్డి నాయకత్వాన ప్రభుత్వ బృందం మావోయిస్టు పార్టీ, మరో నక్సలైట్ పార్టీ జనశక్తి ప్రతినిధులతో కూర్చుంది. శంకరన్, ఆయన మిత్రులు నడుమ కూర్చున్నారు.

చర్చల్లో రెండు అంశాలు ముడిపడ్డాయి. ఒకటి ఆయుధాలు: గ్రామాల్లోకి తుపాకులతో రావద్దని ప్రభుత్వం కోరింది, తుది పరిష్కారం దాకా తుపాకీ వదలమని పార్టీ చెప్పింది. రెండోది భూమి: మిగులు భూములు, ప్రభుత్వ భూములు, అన్యాక్రాంతమైన అసైన్డ్ భూములు పంచాలని, అందుకు కమిషన్ వేయాలని మావోయిస్టులు పట్టుబట్టారు. భూమి మీద ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. డిసెంబరులో మంత్రి కోనేరు రంగారావు అధ్యక్షతన భూ కమిటీ వేసింది. ఆయుధాల మీద ఎవరూ దిగలేదు. విరమణ గడువు డిసెంబరు 16తో ముగిసింది, 2005 జనవరి తొలి వారాల్లో మళ్లీ ఎన్‌కౌంటర్లు జరిగాయి, జనవరి 17న మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. రెండో విడత జరగలేదు.

ఈ వైఫల్యానికి కారకులెవరన్న విషయంలో అభిప్రాయాలు తీవ్రంగా చీలాయి. విరమణ కాలాన్ని పార్టీ కొత్త సభ్యులను చేర్చుకోవడానికి, వసూళ్లకు, ఆయుధాల సేకరణకు వాడుకుందని పోలీసు శాఖ అంది. దళాల కదలికలనూ, బయటికొచ్చిన సానుభూతిపరులనూ గుర్తించడానికి పోలీసులే వాడుకున్నారని పార్టీ, హక్కుల సంఘాలు అన్నాయి. రెండింటిలోనూ నిజముంది. చర్చలను వ్యతిరేకించిన వారిలో మందుపాతరలకు భర్తలను కోల్పోయిన కానిస్టేబుళ్ల కుటుంబాలు, ఇన్‌ఫార్మర్ల పేరిట హతులైన వారి బంధువులు కూడా ఉన్నారు. చంపినవాళ్లను ప్రభుత్వ అతిథులుగా చూడటం వారికి భరించలేని విషయం. ఆ బాధను శాంతి కోరినవారు తగినంత పట్టించుకోలేదన్న విమర్శ న్యాయమైనది. అయినా ఒక్క విషయం కాదనలేనిది. ఆ ఆరు నెలల్లో నల్లమల చుట్టుపక్కల పల్లెల్లో చావులు బాగా తగ్గాయి, రాత్రిపూట తలుపు తట్టే శబ్దానికి భయం తగ్గింది. కాల్పుల విరమణను దాని పర్యవేక్షణకు స్వతంత్ర యంత్రాంగం లేకుండా నడపడం ఇరుపక్షాల తప్పు. ఆ యంత్రాంగం కావాలని పౌర స్పందన వేదిక అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత 2005 భయానకంగా గడిచింది. మార్చిలో చిలకలూరిపేట పోలీసు స్టేషన్ మీద మావోయిస్టులు దాడి చేశారు. పత్తి, పొగాకు వ్యాపారంతో రద్దీగా ఉండే జాతీయ రహదారి పట్టణంలో, అడవికి చాలా దూరాన ఆ దాడి జరగడం మైదాన ప్రాంతాన్ని ఉలిక్కిపడేలా చేసింది. ఏప్రిల్‌లో ఒంగోలు నడిబొడ్డున ప్రకాశం జిల్లా ఎస్పీ మహేష్‌చంద్ర లడ్డా కారుపై బాంబు దాడి జరిగింది. ఆయన బయటపడ్డారు, దారిన పోయే సామాన్యులు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు నర్సిరెడ్డిని, ఆయన కుమారుడిని, మరికొందరిని చంపారు. రెండు రోజుల్లో ప్రభుత్వం మావోయిస్టు పార్టీని, దానితో పాటు విప్లవ రచయితల సంఘాన్ని కూడా నిషేధించింది. రచయితల సంఘం మీద నిషేధం సలహా మండలి ముందు నిలవలేదు. మందుపాతర పెట్టినవాడినీ కథ రాసినవాడినీ ఒకే ఉత్తర్వులో కలిపిన తొందరపాటు, వ్యూహాన్ని సమర్థించేవారిలో కూడా కొందరిని దూరం చేసింది.

సైనికంగా ఫలితం త్వరగా తేలింది. 2006 జూలై 23న ప్రకాశం జిల్లా నల్లమలలో మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి మాధవ్, మరో ఏడుగురు చనిపోయారు. ఆ ఏడాది చివరికి నల్లమల దళాలు చెదిరిపోయాయి, మిగిలినవారు ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకూ దండకారణ్యానికీ వెళ్లిపోయారు. గ్రామాల్లో సమాచారం ఇచ్చేవారు పెరగడం, చర్చల కాలంలో బయటపడిన సంబంధాలు, లొంగుబాట్ల ప్రోత్సాహం, రోడ్లు, సెల్‌ఫోన్లు ఇందుకు తోడ్పడ్డాయి. పార్టీ తన హత్యలతో తానే మద్దతు పోగొట్టుకోవడం వీటన్నిటికన్నా తక్కువ కారణం కాదు. ఆంధ్రప్రదేశ్ నమూనా పేరుతో ఇతర రాష్ట్రాలు గ్రేహౌండ్స్‌ను అనుసరించడం మొదలుపెట్టాయి. వ్యూహం పనిచేసిందని చెప్పేవారి వాదన ఇక్కడ బలంగా ఉంది: మాచర్ల నుంచి మార్కాపురం దాకా నేడు మందుపాతర భయం లేదు, సర్పంచి పదవికి పోటీ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు.

కానీ దళాలు నశించలేదు, స్థలం మారాయి. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవపై దాడిలో 38 మంది బలైపోయారు, వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లే. ఛత్తీస్‌గఢ్‌లో గ్రామస్థులకే ఆయుధాలిచ్చిన సల్వాజుడుం విధానాన్ని 2011 జూలై 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం 2008 నివేదికలో ఈ ప్రాంతాల అశాంతికి భూమి, అడవి, విస్థాపన, అవమానం మూలమని చెప్పింది. డి. బందోపాధ్యాయ అధ్యక్షతన పనిచేసిన ఆ బృందంలో శంకరన్, బాలగోపాల్‌లతో పాటు పోలీసు, నిఘా విభాగాల్లో అత్యున్నత పదవులు నిర్వహించిన ప్రకాశ్‌సింగ్, అజిత్ దోభాల్ కూడా సభ్యులు. ఎన్‌కౌంటర్లను ఎదిరించినవారూ, బలగాలను నడిపినవారూ ఒకే నివేదిక మీద సంతకం చేశారు.

మూడో ప్రశ్న, అంటే భూమి ప్రశ్న, పల్నాడు పత్తి చేలల్లో అందరికీ కనిపించేదే. కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అసైన్డ్ భూములను పేదలకు తిరిగి ఇప్పించడం, కౌలుదారులను గుర్తించడం, గిరిజన భూముల రక్షణ, రెవెన్యూ రికార్డుల సవరణ అందులో ప్రధానం. ప్రభుత్వం చాలా సిఫార్సులను ఆమోదించింది గానీ అమలు నత్తనడకన సాగింది. 2007లో అదే భూమి కోసం పార్లమెంటరీ వామపక్షాలు నిరాయుధంగా ఉద్యమించినప్పుడు, జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. తుపాకీ పట్టి భూమి అడిగితే అది యుద్ధమని, జెండా పట్టి అడిగినా కాల్పులేనని జనం అనుకునే పరిస్థితిని ప్రభుత్వమే కల్పించింది. అటవీ హక్కుల చట్టం వచ్చాక కొంతమంది చెంచులకు పట్టాలు అందాయి. కౌలుదారులకు గుర్తింపు కార్డుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొకటి వచ్చాయి. 2019 చట్టంలోని భూయజమాని సంతకం కావాలనే నిబంధన వల్ల గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి కౌలుదారుల్లో చాలామందికి ఆ కార్డు చేతికి రాలేదు. ఎకరాకు వేలకు వేలు కౌలు ముందే కట్టి, పంట పోతే ఏ పరిహారమూ అందని రైతు ఇప్పటికీ అక్కడ ఉన్నాడు.

రామకృష్ణ 2021 అక్టోబరులో దక్షిణ బస్తర్ అడవిలో అనారోగ్యంతో చనిపోయారు. చర్చల్లో ఆయన పక్కన కూర్చున్న సుధాకర్ 2025 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో ఎన్‌కౌంటర్‌లో మరణించారు. అంతకు రెండు వారాల ముందు, మే 21న, శ్రీకాకుళం జిల్లాకు చెందిన పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మఢ్‌లో చనిపోయారు. 2026 మార్చి 31లోగా మావోయిస్టులను తుదముట్టిస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టుకుని ఆపరేషన్ కగార్ నడిపింది. తెలంగాణలో శాంతి చర్చల కమిటీ కాల్పుల విరమణ కోరింది. కగార్ ఆపాలని 2025 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగ సభలో అడిగారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఈ సమస్యను సామాజిక కోణంలో చూడాలంటూ 2004 చర్చలు నడిపిన జానారెడ్డిని కలిశారు. కేంద్రం ఒప్పుకోలేదు. 2025 నవంబరు 18న అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా మరణంతో ఘర్షణ మళ్లీ ఆంధ్రప్రదేశ్ గడ్డ మీదికి వచ్చింది, ఎదురుకాల్పులా కాదా అనే పాత ప్రశ్న కూడా దానితోపాటే వచ్చింది.

ఈ ప్రశ్నను తేల్చే దారి ఒకటి ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఎన్‌కౌంటర్ మరణాల మీద మేజిస్ట్రేట్ విచారణలు జరిగాయి. ఆ నివేదికలు గుంటూరు, ఒంగోలు కలెక్టరేట్లలోనూ రాష్ట్ర సచివాలయంలోనూ ఉండాల్సినవి. అలాగే విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల, మావోయిస్టుల చేతిలో హతులైన గ్రామస్థుల వివరాలు కూడా ఒకచోట చేర్చాల్సినవి. ఈ రెండు జాబితాలనూ, విచారణ నివేదికలనూ శాసనసభ ముందుంచి, ప్రజలకు చదివే అవకాశం ఇవ్వడం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పని.